ఇతరులు అని ఒక్క లైను

ఉద్యమం రోజుల్లో మూడు ఊళ్ల కేబుల్ చానెల్‌కు నేను కంప్యూటర్ల మనిషిని. ఊరేగింపులు, దీక్షా శిబిరాలు, రోడ్ల మీద వంటావార్పులు ఏదీ వదలకుండా తీసి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆఫీసుల మిషన్లలో దాచేవాళ్లం. ఒక ఊళ్లో కరెంటు పోయినా ఇంకో ఊళ్లో దొరకాలని ప్రతి వీడియోకూ మూడు కాపీలు. ఏ వీడియో ఎక్కడుంది, ఏ రోజుది, అందులో ఎవరున్నారు అన్న జాబితా మాత్రం జగిత్యాలలో ఒకే ఒక్క మిషన్‌లో ఉండేది. దాన్ని మెటాడేటా అంటారు. అది లేకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే.

అందుకే ఆ మిషన్‌కు చిన్నవైనా వేగంగా పనిచేసే డిస్కులు రెండు, దండిగా మెమరీ, ఒక యూపీఎస్ కావాలని ఓనర్‌కు రాసిచ్చాను. ఆయనది పాత దొరల కుటుంబం. వస్తువు విలువను సైజుతో కొలిచేవాడు. వీడియోల కోసం పెద్ద పెద్ద డిస్కులు అడగకముందే తెప్పించి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. నా కాగితం చూసి నవ్వాడు.

“లిస్టే గదా. లిస్టుకు గింత మిషన్ ఎందుకు? టైపు కొట్టే పాత కంప్యూటర్ ఉత్తగనే పడున్నది, గదే వెట్టు.”

అదే పెట్టాను. రోజూ వచ్చే చిన్న చిన్న వీడియోలకు ఒక్కోదానికి ఒక్కో లైను రాయాలి. ఆ లైన్లన్నీ మెమరీలో పట్టాలి. రెండు నెలలకే అది మొరాయించింది. మళ్లీ అడుగుదామంటే ఓనర్ దీక్షలో ఉన్నాడు. కెమెరా రాగానే కూర్చుని, కెమెరా పోగానే లేచే దీక్ష. చివరికి ఉపాయం నేనే చెప్పాను, అందులో ఆయన తప్పేమీ లేదు. నాయకులున్న వీడియోలకు పేరు, ఊరు, తేదీ ఉంచి, మిగతావన్నీ నెలకొక మూట కట్టి ‘ఇతరులు’ అని ఒక్క లైను రాశాను. తొందరలో మూటలోని వీడియోలను తేదీల వరసలో కూడా పెట్టలేదు. ఓనర్ నా భుజం తట్టాడు.

కొన్నాళ్లకు కోరుట్ల నుంచి బీడీలు చేసే ఒకామె వచ్చింది. బస్సు మీద రాళ్లేసిందని కేసు పెట్టారట. ఆ వేళకు తను వంటావార్పు దగ్గర వండుతూ ఉన్నానని, మా కెమెరా ఎదురుగానే ఉందని చెప్పింది. సోమవారం వాయిదా. వీడియో లేకపోతే కష్టమన్నాడట వకీలు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

కోరుట్ల వంటావార్పు అని కొట్టగానే క్షణంలో మా ఓనర్ ప్రత్యక్షమయ్యాడు. కొత్త కండువాతో, గంటె పట్టుకుని, పులిహోర కలుపుతూ. బొమ్మ అంచున గాజుల చెయ్యి ఒకటి ఆయనకు ఆ గంటె అందిస్తోంది. అంతే, ముఖం లేదు.

ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టింది.

“గీ చెయ్యి నాదే సారూ. కోర్టుల చెయ్యిని జూసి ఇడిసిపెడ్తరా?”

మూడు ఊళ్లలో మూడు కాపీలు భద్రంగా ఉన్నాయని చెప్పబోయి, సిగ్గేసి మానుకున్నాను. ఆ నెల మూట మొత్తం విప్పి చూడటం తప్ప దారి లేదు. మూడు రోజులు చూశాను. నడిచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, విస్తర్లు ఎత్తినవాళ్లు. ఉద్యమం మొత్తం నేను రాసిన ఆ ఒక్క లైనులోనే ఉంది. మధ్యలో ఓనర్ వచ్చి, తన పులిహోర వీడియో ఇంకో నాలుగు సీడీలు చేయమని చెప్పి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం దొరికింది. పొయ్యి ముందు కూర్చుని, పొగకు కళ్లు తుడుచుకుంటూ, బొమ్మ మూలన తేదీ, టైముతో సహా. సీడీ చేసి, మీద రాయడానికి స్కెచ్ పెన్ను తీశాను. మూడు రోజులుగా ఆమె కోసమే వెతుకుతున్నాను, ఆమె పేరేమిటో నాకు తెలియదు.

ఆమె పొద్దున్నే మళ్లీ వచ్చి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. వెళ్లి, అప్పుడు అడిగాను.