టకటకలు తీసేసిన గొంతు

2023. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర, బూట్ల గోదాం మీద మా ఆఫీసు. రికార్డింగుల్లోంచి ఫ్యాను మోత, హారన్లు, దగ్గులు తీసేయడం మా పని. దాన్ని ‘నాయిస్ క్లీనింగ్’ అంటరు.

పపువా న్యూ గినీ నుంచి ఒకామె మెమరీ కార్డు కొరియర్ చేసింది. వాళ్ల భాష మాట్లాడేటోళ్లు నలుగురైదుగురే మిగిలిన్రట. అందులో ఒకరు ఆమె అమ్మమ్మ. ఆ ముసలామె చెప్పిన కథలే కార్డుల ఉన్నవి. ఆ భాషల క్రియకు ఒక తోక తగిలిస్తరు. తర్వాతి పని చేసేది అదే మనిషా, ఇంకొకరా అన్నది ఆ తోకే చెప్తది. ఇదంతా కార్డుతో వచ్చిన చీటీల ఉన్నది. ఆమె గొంతుల వినిపించే టకటకల మాట మాత్రం లేదు.

వింటుంటే మాట మధ్యల గొంతు టక్కున మూసుకుని తెరుచుకుంటున్నది. మా ‘డీ-క్లిక్’ సాఫ్ట్‌వేర్ గట్లాంటి చప్పుళ్లనే ఏరి పారేస్తది. ఫైలు పక్కన పెట్టిన.

“ఏంది మేడమ్, ఆపిన్రు?” అన్నడు మేనేజర్ అఫ్సర్ భాయ్.

“గవి భాషల ముక్కలేమో. ఆమెను అడిగినంక చేస్త.”

“మనకు సమజయ్యే భాష కాదు, ఫికర్ ఎందుకు? టకటకలుంటే క్వాలిటీ చెకింగ్‌ల ఫెయిల్ చేస్తరు.”

“సమజ్ కాకుంటే ముట్టుకోవద్దు భాయ్.”

“పొద్దున్నే లొల్లి షురూ చేసిన్రు.”

మరునాడు నేను సెలవు. అఫ్సర్ భాయే ఫైలును డీ-క్లిక్‌ల వేసి పాస్ చేయించిండు. పాస్ అయిన వెంటనే అసలు ఫైలు చెరిపేసి, కార్డు ఖాళీ చేసుడు మా ఆఫీసు అలవాటు.

వారం తర్వాత, క్లీన్ చేసిన ఫైలు విని ఆ మనుమరాలు వీడియో కాల్ చేసింది.

“ఇది మా అమ్మమ్మ మాట కాదు. పరాయి మనిషి మా భాష సగం నేర్చుకుని మాట్లాడినట్టుంది. ఆ గొంతు పట్టుళ్లు మాకు అక్షరాలు. నా కార్డు నాకు పంపండి.”

అఫ్సర్ నా దిక్కు చూసిండు. నేను కెమెరా ఆయన దిక్కు తిప్పిన. చెరిపింది ఎవరో వాళ్లే చెప్పాలె.

“కార్డు ఖాళీ అయింది. మళ్లీ రికార్డు చేయించండి మేడమ్, ఫ్రీగా క్లీన్ చేసిస్తం,” అన్నడు.

“కార్డు పంపినంక అమ్మమ్మ చనిపోయింది. ఇంకో కాపీ లేదు,” అన్నదామె. “ఆ చప్పుడేందని నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోతుండె?” అని కాల్ కట్ చేసింది.

ఆఫీసు అలవాటు మారిందనుకుంటరేమో. మారలే. నేనైతే తెలియని భాష ఫైలొస్తే, ఏది తీయొద్దో పంపినోళ్లు చెప్పేదాకా హెడ్‌ఫోన్స్ ముట్టుకోను. అఫ్సర్‌కు అదీ లొల్లే.

ఆ ముసలామె ఫైలుకు మా రికార్డుల ఇప్పటికీ క్వాలిటీ నూటికి నూరు.