డాక్టరు గదిలో ఫోర్‌మాన్

బురైమి నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్క సీటు నిజామాబాద్ మనిషిది. పేరు నేను అడగలేదు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్న కంపెనీ ఫోర్‌మాన్ ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు.

"పోయినసారి ఛాతీల నొస్తుందని చెప్పిన అన్నా. ఈయన డాక్టరుకు గ్యాస్ అని ఇంగ్లీషుల చెప్పిండు. గోలీలిచ్చి పంపిండ్రు. మల్ల రోజూ బిల్డింగు పైకెక్కి పని చేస్తున్న" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆయన్ని బయట ఉంచమని డాక్టరునే అడుగు. ఇంగ్లీషులో ఎలా అడగాలో నేను నేర్పుతాను."

"ఆయనకు సమజ్ గాదా? సాయంత్రానికల్లా ఇంటికి టికెట్ చేతుల పెడ్తడు." అంతలోనే నవ్వాడు. "మా ఇంటామె కన్న ఈయనే నా ఎంబడి ఎక్కువుంటడు."

నొప్పి ఎటు పాకుతుందని అడిగాను. కుడి అరచేతిని ఛాతీ మీద ఆనించి, ఎడమ భుజం మీదుగా మోచేతి దాకా మెల్లగా లాగాడు.

"అదే డాక్టరుకు చూపించు. ఫోర్‌మాన్ నోరు తెరవకముందే చూపించు. దానికి తర్జుమా అక్కర్లేదు."

ఫోర్‌మాన్ తల అటు వాలినప్పుడల్లా అతను అలా చేసి చూసుకున్నాడు. మస్కట్‌కు ముందే, వాళ్ల ఆసుపత్రి ఉన్న సీబ్‌లో బస్సు ఆగింది. ఫోర్‌మాన్ లేచి వెనక్కి తిరిగి, "క్యా భాయ్, తబియత్ కైసీ హై?" అన్నాడు.

"ఠీక్ హై సాబ్."

చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. గబుక్కున దించేసి, ఆయన వెనకే దిగిపోయాడు.

ఇప్పటికీ డాక్టరు గదిలోకి ఇద్దరు కలిసి వెళ్తుంటే, మాట్లాడని మనిషి చేతుల వైపు చూస్తాను.