నవ్వితే పోయిన వుజూ

మొన్న శుక్రవారం నమాజుకు ముందు కడుక్కోని శుద్ధయ్యే వుజూ చేసుకుందామని మసీదు నల్లాల కాడ కూసోని, పొట్ట అడ్డమొచ్చి ఏది ఎవరి కాలో కనబడక, పక్కనున్న పెద్దమనిషి పాదం చీలమండ దాకా శ్రద్ధగా కడిగేసిన. ఆయన "షుక్రియా భాయ్, రెండోది గూడ కానియ్" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన గానీ, ఆ నల్లాల కాడ నాకెప్పుడూ మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడి చేతులే యాదికొస్తయి.

మన ఈడు వాళ్ళకు చెప్పే పనిలేదు, బోధన్ దిక్కు చెరుకు ఆకంటే కత్తి అంచే. బడి మానేసి మామూ వెంట నేను గూడ చెరుకు కొట్టపోతుంటి. గీతలు పడ్డ ఆయన చేతుల మీద నీళ్ళు పడితే కారం చల్లినట్టుండేది, అయినా మోచేతుల దాకా, వేళ్ళ సందులల్ల గూడ వెంట్రుక మందం పొడి మిగలకుండ కడుక్కునేవాడు. పుక్కిలించుడు, ముక్కులకు నీళ్ళు, మొఖం, చేతులు, తడిచేత్తో తల, ఆఖరికి కాళ్ళు, ఈ వరుస నాకు నేర్పింది ఆయనే. నెత్తురు కారితే వుజూ పోతదని, నమాజుల పకపకా నవ్వితే నమాజుతో పాటు వుజూ గూడ పోతదని చెప్పింది గూడ ఆయనే.

ఒక శుక్రవారం జుమ్మా నమాజు కోసం సగం పూట పని విడిచొచ్చి, గీతల కాడ నెత్తురు ఆరేదాకా ఓపికగా కూసోని, మెల్లగా కడుక్కోని, మామూ వరుసల నా పక్కన నిలబడ్డడు. ఆనాడు మౌల్సాబ్ చదువుడు ఎంతకూ ఆపడాయె. అంతల షుగర్ ఫ్యాక్టరీ షిఫ్టు సైరన్ కూసింది. పెళ్ళీడుకొచ్చినా నా నాలిక ఊకుంటదా? "మామూ, మౌల్సాబ్‌కు ఓవర్‌టైం పడ్డది" అని గుసగుసలాడిన.

మామూ పకపకా నవ్విండు. నవ్వి, తల వంచుకోని వరుస దాటి పోయిండు. బయట నల్లా చప్పుడు వినవడ్డది. మాట్లాడినందుకు నా నమాజూ పోయినట్టే, కానీ దొరికిపోతనని మహాభక్తునోలె చేతులు కట్టుకోని అట్లనే నిలబడ్డ. అంతా అయినంక వచ్చి చూస్తే, గీతలు మళ్ళ తెరుచుకోని నెత్తురు కారుతుంటే, చేతులకు రుమాలు చుట్టుకోని మెట్ల మీద కూసున్నడు. జుమ్మా అందరితోనే చదవాలె, ఒక్కడు చదివితే అది జుమ్మా కాదు, అంటే ఆ వారం ఆయన జుమ్మా పోయినట్టే.

ఇప్పుడు నల్లాలల్ల వేన్నీళ్ళొస్తున్నయి, కూసోను పాలరాతి అరుగులున్నయి. సైరన్ లేదు, మామూ లేడు, నా మాటకు వుజూ పోగొట్టుకునేటోడు ఒక్కడు లేడు. నా చేతుల మీద గీతలు మానిపోయి ఎన్నేండ్లాయెనో, అయినా నీళ్ళు పడ్డప్పుడల్లా ఎక్కడనో మండుతది.

ఆ జుమ్మానాటి సాయంత్రం మామూ చేతులకు పసుపు, నూనె రాసుకుంట, తప్పయింది మామూ అన్న. చేయి గుంజుకోకుండనే అన్నడు: "నేను బయటికి పోయి నా ఓవర్‌టైం చేసుకున్నరా. నీదెప్పుడు చేస్తవ్?"