డాక్టరమ్మ ఇచ్చిన కడియం

కొడకండ్ల దగ్గరి పల్లెలో అండాలు ఆచితూచి నడిచేది. నడుము నొప్పి కాబోలు అనుకునేవారు జనం. అసలు సంగతి వేరు. చివరి కాన్పు తర్వాత ఆమెకు గర్భసంచి కిందికి జారింది. అప్పటినుంచి దగ్గినా, తుమ్మినా మూత్రం ఆగేది కాదు. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఇరవై ఏళ్ళు ఎవరి పక్కనా నిమ్మళంగా కూర్చుని ఎరగదు.

ఆడబిడ్డ బుచ్చి పోరగా పోరగా ఒకనాడు మిషన్ దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ నల్లటి రబ్బరు కడియం ఒకటి లోపల పెట్టి, జారినదాన్ని ఇదే పైకి ఆపుతుందని చెప్పింది. తీసి కడుక్కుని మళ్ళీ పెట్టుకోవడం కూడా నేర్పింది. ఆ రోజు అండాలు పొడి చీరతో ఇల్లు చేరింది. సంతోషం పట్టలేక దారి పొడవునా ఏడ్చిందట.

కానీ మనవాళ్ళకు సుఖం వస్తే ఊరికే ఉండబుద్ధి కాదు కదా. రబ్బరంటే తోలులాంటిదేనని అండాలు తనకు తానే తేల్చుకుంది. తోలు ఒంట్లో పెట్టుకుని పోచమ్మకు బోనం వండడమా! అందుకని బోనం నాడు మాత్రం కడియం తీసి, గుడ్డలో చుట్టి, దూలం సందులో దాచేది. పోచమ్మ అడిగిందా అంటే అడగలేదు.

నలభై ఎనిమిదిలో సరిగ్గా బోనం నాడే రజాకార్లు గుర్రాల మీద వచ్చి ఊరిని చుట్టుముట్టారు. దొరల మీద తిరగబడ్డ దళంలో తిరిగే చిన్న కొడుకు ఓదెలు ఆ పొద్దున్నే అన్నం తినిపోదామని వచ్చి ఉన్నాడు. పారిపోయే దారి లేదు. అండాలు అతణ్ణి ఇంట్లో ధాన్యం దాచే పాతరలోకి దింపి, మూత మీద మట్టి కప్పి, పేడతో అలికి, పైన చాప పరిచి కూర్చుంది. పాతర లోతైన గొయ్యి. మూత పెడితే గాలి ఆడదు. దీపం దింపితే కాసేపట్లో ఆరిపోతుంది. వీళ్ళు తొందరగా పోకపోతే కొడుకు లోపలే చచ్చిపోతాడు. తను లేస్తే పచ్చి అలుకు కనబడుతుంది. కడియమేమో దూలంలో ఉంది.

వాళ్ళు కుండలు పగలగొట్టారు, బట్టలు విసిరేశారు. చివరికి దూలం సందులోంచి మూట లాగారు. వాళ్ళ జమేదారు కడియాన్ని తిప్పి తిప్పి చూసి ఉర్దూలో ఏదో అరిచాడు. వాకిట్లో మగవాళ్ళందరూ చూస్తున్నారు.

"గిది తుపాకీల సామానా అని అడుగుతుండు. జెప్పు అండాలూ, లేకుంటే ఇల్లంత తవ్విస్తడు" అన్నాడు వెంట వచ్చిన పోలీసు పటేలు.

జవాను ఒకడు వంగి చాప అంచు పట్టుకున్నాడు.

"పటేలా, గది నా ఒంట్లది!" అని అరిచింది. "నాకు గర్భసంచి జారింది. ఉచ్చ ఆగది. దవాఖానల డాక్టరమ్మ లోపల పెట్టుకొమ్మని ఇచ్చింది. నిజం జెప్తున్న, మొక్కుత!"

పటేలు తల దించుకుని ఆ మాటను ఉర్దూలో నసిగాడు. అంతలోనే భయానికి అండాలుకు పోయింది. చాప తడిసి నీళ్ళు జవాను బూటు దాకా పారాయి. వాడు "ఛీ!" అని చాప వదిలేసి వెనక్కి గెంతాడు. జమేదారు కడియాన్ని విసిరికొట్టి, చెయ్యి గోడకు తుడుచుకుని బయటికి నడిచాడు. వాకిట్లో ఎవరో నవ్వారు. అండాలుకు ఆ నవ్వు వినబడనే లేదు. గుర్రాల చప్పుడు ఎప్పుడు దూరమవుతుందా అని చెవులు రిక్కించి కూర్చుంది.

చప్పుడు ఆగాక గోళ్ళతో మట్టి పెళ్ళగించి మూత తీసింది. ఓదెలు మెడ వాల్చి పడి ఉన్నాడు. బుచ్చి పరుగున వచ్చి చెయ్యి వేస్తే ఇద్దరూ అతణ్ణి పైకి లాగారు. ముఖాన నీళ్ళు చల్లారు. చాలాసేపటికి దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. కళ్ళు తెరిచి తల్లిని చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అన్నీ ఇన్న అవ్వా. నన్ను గన్నందుకేనా నీకు గిట్లయింది?"

అండాలు అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"నిన్ను గన్నందుకు గాదు బిడ్డా. నిన్ను గన్న ఐదో దినానే దొర గడీల వడ్లు దంచ గుంజుకపోయిండ్రు. గందుకు."