ఒకే వైపు చూసిన హంసలు

నాకు ముక్కు మీదే కోపం. ఆ కోపంలో ఒకరోజు నోరు జారి, ఏడాదిపాటు నేర్చుకున్న పనిని నా చేతులతో నేనే పందెం కాశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజు ముక్కలు, ఫాల్సు అమ్మే మ్యాచింగ్ సెంటర్ పైన ఒక గది ఉంది. అక్కడ మగ్గం వర్కు చేస్తారు. మగ్గమంటే బట్ట నేసేది కాదు, నాలుగు కర్రల చట్రం. బ్లౌజు ముక్కను దానికి గట్టిగా బిగించి, కొక్కెం ఉన్న సూదిని పైనుంచి గుచ్చి, కింద ఎడమ చేత్తో అందించిన దారాన్ని పైకి లాగుతూ పూలూ, తీగలూ, పక్షులూ కుడతారు. చూసేవాళ్లకు ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది, అదే నా ఖర్మ.

మా ఇల్లు మన్సూరాబాద్‌లో. మా ఆయన కరెంటు పని చేస్తాడు. పిల్లలు బడికి పోయాక ఇంట్లో నేనూ గోడలూ మిగిలేవాళ్లం. ఒక ఆదివారం చర్చిలో నా ముందు వరసలో కూర్చున్నామె వీపు మీద మామిడిపిందెల వర్కు చూస్తూ కూర్చున్నాను. పాస్టరుగారు చెప్పిన వాక్యం ఒక్కటి చెవికెక్కితే ఒట్టు. ప్రార్థన అయిపోగానే ఆమె కొంగు పట్టుకుని, ఎక్కడ చేయించావు, నేర్పిస్తారా అని అడిగాను. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు.

ఆ గది నడిపేది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒకావిడ. అరవైకి దగ్గర్లో ఉంటుంది. అందరం అక్క అనే పిలుస్తాం. మొదటి రోజే ఒక పాత కాటన్ గుడ్డ బిగించి ఇచ్చి, "గీత గీశాను, దాని మీద గొలుసు కుట్టు వేసుకుంటూ పోమ్మా" అంది.

ఆ గీత నాకు నాలుగు నెలలు పట్టింది. దారం పైకి రాదు. వచ్చినా కొక్కెం నుంచి జారిపోతుంది. జారకపోతే సూది పుటుక్కున విరుగుతుంది. నా తర్వాత చేరిన ఇరవయ్యేళ్ల పిల్లలు గులాబీలు కుట్టేస్తుంటే నేనింకా గీత మీదే ఉన్నాను. ఇంటికొచ్చి వేళ్లకు పసుపు రాసుకుంటుంటే మా ఆయనకు నవ్వులాట. "గా సూది నీ మాట ఇంటలేదా? ఇంట్ల మేమందరం ఇంటున్నం గదనే!"

సూది విసిరికొట్టి లేచిన రోజులు ఎన్నో. లేవబోతుంటే అక్క చెయ్యి పట్టుకునేది. "విసుగులో లేవకమ్మా. ఇంకో పది కుట్లు వేసి అప్పుడు లే. ఆ పదీ వంకరగా వచ్చినా పర్లేదు" అనేది. తిట్టుకుంటూ పది వేసేదాన్ని. పది అయ్యాక లేవాలని గుర్తుండేది కాదు. నాకు పని నేర్పింది సూది కాదు, ఆ పది కుట్లే.

ఏడాది గడిచేసరికి అంచులు, తీగలు బాగానే పడుతున్నాయి. కానీ పెళ్లి బ్లౌజు మాత్రం అక్క నా చేతికి ఇవ్వలేదు. ఒక రోజు నాదర్‌గుల్ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. పాత ఊరి భూముల వాళ్లు, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. కూతురి పెళ్లి. చీరతో వచ్చిన పట్టు ముక్క మీద ఒక్కో చేతికి ఒక హంస, దాని ముందు తామర పువ్వు కావాలన్నారు. అక్క ఆ ముక్కను నా తర్వాత చేరిన ఒక పిల్లకు ఇవ్వబోయింది. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, అది నాకియ్యి. సరిగ రాకుంటే నువ్వు పొమ్మనుడు అవసరం లేదు, నేనే పోతా. మళ్ల ఈ మెట్లెక్క" అన్నాను, అందరి ముందూ. అక్క ముక్క తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మా పనిలో బొమ్మను కాగితం మీద గీసి, గీత పొడవునా సూదితో సన్నటి బెజ్జాలు చేస్తాం. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే చుక్కలు చుక్కలుగా బొమ్మ బట్ట మీద దిగుతుంది. ఒక చెయ్యి అయ్యాక కాగితాన్ని తుడిచి, ఆరబెట్టి, తిరగేసి రెండో చెయ్యి దింపాలి. అప్పుడే రెండు హంసలూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా వస్తాయి. ఇది నాకు తెలియనిదా? తెలుసు. కానీ ఆ రోజు నా బుద్ధంతా ఆ పట్టు మీదే ఉంది. పొడి అంటిన తడి వైపు పట్టుకు తగిలితే మరక పడుతుందేమోనని, మహా జాగ్రత్తగా, కాగితాన్ని తిరగేయకుండానే రెండో చెయ్యి దింపేశాను.

మగ్గం మీద బట్ట చుట్టి ఉంటుంది కాబట్టి ఒకసారికి ఒక చెయ్యే కనిపిస్తుంది. ఎనిమిది రోజులు మెడ ఎత్తకుండా కుట్టాను. రెండో హంస ముక్కు దగ్గర ఉండగా అక్క వచ్చి, బట్ట విప్పించి రెండూ చూసి, "బాగుందమ్మా" అంది. నేను గాల్లో తేలాను. ఇంటికి పోతూ ఎల్బీనగర్‌లో దిగి పిల్లలకు మిర్చిబజ్జీలు కూడా కొన్నాను.

మర్నాడు ఆదివారం, చర్చికి పోయాను. సోమవారం మళ్లీ గదికి వచ్చాను. గురువారానికి బ్లౌజు ముక్క ఇచ్చేయాలి. కొలత చూద్దామని రెండు చేతుల బట్టనూ మధ్యకు మడిచాను. హంస మీద హంస కూర్చోలేదు. రెండూ ఒకే వైపు చూస్తున్నాయి! తొడుక్కుంటే ఒక చేతి హంస ముందుకు, ఇంకో చేతిది వెనక్కి చూస్తుంది. విప్పడానికి లేదు, పట్టు మీద పడ్డ సూది బెజ్జాలు పూడవు. అదే చీర ముక్క ఇంకోటి దొరకదు. ఒక ఆడపిల్ల పెళ్లి బ్లౌజు పాడుచేశాను ప్రభువా అని అక్కడే ఏడ్చేశాను.

అక్క తిడుతుందనుకున్నాను. గుమ్మంలోంచే తక్కువైన పూసను పట్టుకునే మనిషి. కానీ ఆ రోజు తిట్టలేదు. బట్టను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

కళ్లు తుడుచుకుని మళ్లీ బట్ట వైపు చూశాను. తామరకు అవతల, చిన్న తీగ వేయాల్సిన చోటు రెండు చేతుల మీదా ఇంకా ఖాళీగానే ఉంది. "అక్కా, గీ పక్క కూడా ఒక్కో హంస ఏస్తే? తామర నడుమ, రెండు హంసలు ఎదురెదురుగ. అప్పుడు ఏ చెయ్యి ఎటున్నా ఒక్కటే."

"మూడు రోజుల్లో రెండు హంసలమ్మా. చేయగలవా?"

"నువ్వొకటి కుడితే..."

"లేదు. రెండూ నువ్వే కుట్టాలి." అంతే అని వెళ్లి కుర్చీలో కూర్చుంది. శిక్ష వేసిందనుకున్నాను. వేయాలి కూడా. ఈసారి కాగితాన్ని మూడుసార్లు తుడిచి, ఆరబెట్టి, తిరగేసి దింపాను. పొద్దున పిల్లలకు డబ్బాలు కట్టి వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు. నడుం పట్టేసింది. అన్నం మా ఆయనే వండాడు. ఉప్పు లేదని పిల్లలు గొడవ చేసినా నాకు మాత్రం ఆయన పట్ల కృతజ్ఞతే.

గురువారం తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి బట్టను వెలుగులోకి పట్టుకుని చూసింది. "ఏందమ్మా గిది? మేం ఒక్క హంస చెప్పినం గద, రెండెందుకున్నయ్?"

అక్క నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను. "తప్పు నాదేనమ్మా. రెండు చేతులకు ఒకే తీరుగ దింపిన. దాన్ని సరిచేసేటందుకు జతకు ఇంకోటి కుట్టిన. అక్కను ఏమనకుండ్రి."

పెళ్లికూతురు ఆ ముక్కను భుజానికి చుట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "అమ్మా, నాకు గిదే నచ్చింది. పెళ్లికి ఒంటి హంస ఎందుకే? జంటనే మంచిగుంది." తల్లి ఇంకోసారి వేలితో తడిమి, "సరే తియ్. దాచకుండ చెప్పినవు, గది మంచిగనిపిచ్చింది" అని బట్ట మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

వాళ్లు మెట్లు దిగగానే నేను నా సూదుల డబ్బా, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకున్నాను. గట్టెక్కాను నిజమే, కానీ సరిగ్గా మాత్రం చేయలేదు కదా. అందరి ముందూ అన్న మాట.

"ఎక్కడికి?" అంది అక్క.

"నేనే పోతా అన్న గదక్కా. మాట మాటే."

అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "కూర్చో. ఆ రోజు రెండు చేతులూ చూసి బాగుందన్నది నేనే కదా? నాకు హంసలు కనబడ్డాయి. అవి ఎటు చూస్తున్నాయో కనబడలేదమ్మా."

నాకు ముందు అర్థం కాలేదు. దవాఖానలో ఏం చెప్పారో అక్క మెల్లగా చెప్పింది. కంటి వెనక నరం దెబ్బతింటోందట, ఆపరేషన్‌తో వచ్చేది కాదట. నెలల నుంచి సూది పట్టుకోవడమే మానేసిందట. గదిలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ రోజు ఒక హంస తను కుట్టకపోవడం శిక్ష కాదు, కుట్టలేకపోవడం.

"ఈ చిన్నపిల్లలు చక్కగా నేర్చుకుంటారు, పెళ్లిళ్లయి వెళ్లిపోతారు. నువ్వు తిట్టుకుంటూనైనా కూర్చునేదానివి. నువ్వు కూడా సంచి సర్దేస్తే నేనీ మగ్గం ఎవరికివ్వనే?" అంది అక్క, నా సంచి పట్టుకుని. ఏడాదంతా నన్నెప్పుడు పొమ్మంటుందోనని నేను భయపడ్డాను. నేనెక్కడ పోతానోనని ఆవిడ భయపడిందట!

ఏడుపాగలేదు నాకు. నాలుగు నెలలు ఒక్క గీత మీద కూర్చున్న మొద్దుకు ఓపిక పట్టి నేర్పిన మనిషి, తన మగ్గం తీసుకోమని నన్ను బతిమాలుతోంది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను, అక్క చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాను. ఇప్పుడా మగ్గం దగ్గర నేనే కూర్చుంటాను. అక్క నా పక్కనే కుర్చీ వేసుకుని, కుట్టిన ప్రతి పువ్వునూ వేళ్లతో తడిమి చూస్తుంది. తప్పుంటే ఇప్పటికీ తిడుతుంది. తిట్టినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉంటుందో ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.