మెడ మీద గీత

ఆ హెడ్‌మిస్ట్రెస్ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాతవన్నీ మర్చిపోవాలని సుద్దులు చెప్పేవాళ్లు దయచేసి వేరే ఇల్లు చూసుకోండి.

జెద్దాలో ఒక ఇండియన్ స్కూల్లో, ఆడపిల్లల విభాగంలో నేను డ్రాయింగ్ టీచర్ని. మా ఆయన పనిచేసే ఆసుపత్రిలో పోలండ్ నర్సు ఒకావిడ ఉండేది. కువైట్ గొడవ ముదిరి ఆవిడ దేశం వెళ్లిపోతూ, బరువెక్కువైందని ఒక బొమ్మల పుస్తకం నాకిచ్చేసింది. అందులోవన్నీ వాళ్ల దేశపు పాతకాలం చిత్రకారిణి వేసిన బొమ్మలు.

ఆ చిత్రకారిణి పుట్టేనాటికి పోలండ్ పటంలోనే లేదు, ముగ్గురు చక్రవర్తులు పంచేసుకున్నారు. ఆమె పారిస్ చేరి, ముసలిదయ్యేదాకా ఆడవాళ్ల ముఖాలే వేసింది. అంచుగీత వేసేది కాదు. బూడిదరంగులోంచి ముఖం మెల్లగా బయటికొచ్చేది. అంట్లు కడిగిన నీళ్లలా ఉన్నాయని అప్పటి పెద్దమనుషులు వెక్కిరించారట. ఆమె పూచికపుల్ల పాటి విలువైనా ఇవ్వలేదు. నాకు నచ్చింది ఆ మొండితనమే. తల్లి చనిపోతే ఊరు చేరలేక, గుర్తున్నంత మేరకు తల్లి బొమ్మ వేసుకుంది. పుస్తకంలో అన్నిటికంటే మంచి బొమ్మ అదే.

యుద్ధం మొదలైంది. బడి మూశారు. కిటికీలకు టేపులంటించుకుని కూర్చున్నాం. విమానాలు ఆగిపోయిన ఆ రోజుల్లోనే తెనాలిలో మా అమ్మ పోయింది. టెలిగ్రాం వచ్చింది, నేను వెళ్లలేకపోయాను. ఆ పుస్తకం ముందు పెట్టుకుని నేనూ అమ్మని వేశాను, అంచుగీత లేకుండా, బూడిదరంగులోంచే. చాలా కాగితాలు చింపాక ఒకదాంట్లో అమ్మ వచ్చింది, ఆ బోసి మెడతో సహా. దాన్ని చిత్రకారిణి తల్లి ఉన్న పేజీలోనే దాచుకున్నాను.

బడి తెరిచాక ఆ పుస్తకం తీసుకెళ్లి స్కూల్లో నా బీరువాలో పెట్టుకున్నాను. అంతలో ఇన్‌స్పెక్షన్ అన్నారు. అక్కడ కొన్ని బళ్లలో పిల్లలు మనిషి బొమ్మ వేస్తే మెడకి అడ్డంగా ఒక గీత గీయిస్తారు, ఇది ప్రాణమున్నది కాదని చెప్పడానికి. పిల్లల బొమ్మల వరకే ఆ పద్ధతి. మా హెడ్‌మిస్ట్రెస్ వంగమంటే సాగిలపడే రకం. గుంటూరు మనిషే. నేను క్లాసులో ఉండగా నా బీరువా తీయించి, నల్ల మార్కరుతో పుస్తకంలో ఉన్న ప్రతి ఆడమనిషి మెడ మీదా గీత లాగింది. మా అమ్మ మెడ మీద కూడా.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన సౌదీ ఆవిడ అరబిక్ క్లాసులో కాసేపు కూర్చుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసింది, ఖర్జూరాలు తిని వెళ్లిపోయింది. నా బీరువా వైపు కన్నెత్తి చూడలేదు.

నేను కాగితం తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్లాను.

"ఇది మా అమ్మండీ."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "అయ్యో, నాకేం తెలుసమ్మా? సేఫ్ సైడ్‌గా ఉంటుందని గీశాను. దానికింత సీరియస్ అవుతావేంటి? ఆ గీత మీద నల్లపూసలు వేసెయ్. అసలు కనపడనే కనపడదు. పెద్దావిడకి నిండుగా కూడా ఉంటుంది."

తన తెలివికి తనే ముచ్చటపడి నవ్వింది.

"మా నాన్న పోయిన పదో రోజున మా అమ్మ నల్లపూసలు తెంపేశారండీ," అన్నాను. "తెంపింది మీలాంటి పెద్దమనిషే. మీరిప్పుడు ఆ మెడ కోసేసి, మళ్లీ పూసలు కట్టమంటున్నారు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. క్షమించమని మాత్రం అనలేదు. బెల్లయింది, క్లాసుకి వెళ్లమంది.

ఆ గీత మీద తెల్లరంగు వేసి కప్పొచ్చని మా ఆయన అన్నాడు. నేను కప్పలేదు. అమ్మ ఇప్పుడు మా హాల్లో, అదే గీతతో, అద్దం ఫ్రేములో ఉంది. అదేమిటని అడిగిన ప్రతివాళ్లకీ ఎవరు గీశారో చెబుతాను, ఇంటిపేరుతో సహా.