నూనె మరిచిన దివిటీ

ఆ ఆదివారం ఉదయం సండేస్కూల్ పిల్లలకు పదిమంది కన్యకల ఉపమానం చెప్పాను. దివిటీలు తెచ్చుకుని నూనె మరిచిపోయి, తలుపు మూసేశాక పెళ్లివిందు బయటే మిగిలిపోయిన ఆ అయిదుగురు బుద్ధిలేనివారిని బాగా తిట్టాను కూడా.

ఆరాధన తర్వాత, బదిలీ మీద వెళ్తున్న మా పాస్టరు అయ్యగారికి పటాన్‌చెరు మందిరంలోనే వీడ్కోలు. సాయంత్రమే వారి ప్రయాణం. ఆయన పన్నెండేళ్ల సేవ ఫొటోలతో వీడియో చేసే భాగ్యం నాకు దక్కింది. ముందురోజే సంఘం ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని వరుసగా పేర్చాను. ఇక ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయని నమ్మి, డ్రైవ్‌ను ఇస్నాపూర్‌లోని మా ఇంటి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ప్రార్థన చేసి వీడియో పెడితే తెరంతా ఎర్రగా వచ్చింది. ఫైలు దొరకలేదట! తర్వాతి ఫొటో కూడా అంతే. లాప్‌టాప్‌లో వరుస మాత్రమే ఉందని, అసలు ఫొటోలు డ్రైవ్‌లోనే ఉండిపోయాయని అర్థమై మావారు డ్రైవ్ కోసం బైక్ మీద ఇంటికి పరుగెత్తారు.

ముందు వరుసలోంచి మార్తమ్మ పెద్దమ్మ అడిగింది: "ఏంది బిడ్డా, దివిటీ తెచ్చి నూనె ఇంట్లనే మర్చినవా?"

మందిరమంతా ఒకటే నవ్వు. అయ్యగారు లేచారు. "తలుపు మాత్రం ముయ్యకుండ్రి. నూనె వచ్చేదాంక పాటలు పాడుకుందాం."

తొమ్మిదో పాటకు డ్రైవ్ వచ్చింది. ఫొటోలు చూసి అయ్యగారే కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పటికీ పెద్దమ్మ మందిరం గుమ్మంలో నా సంచి తట్టి, "నూనె ఉన్నదా?" అంటుంది. ఆ ఉపమానం ఇప్పటికీ చెబుతున్నాను, కానీ ఆ అయిదుగురిని తిట్టడం మానేశాను.